నువ్వు గదిలోంచి బయటికెళ్తే ఏమవుద్ది?



డీఎస్సీకి చదివినవాళ్లకి ఈ బిట్టు గుర్తుండే ఉంటుంది. టీచర్ క్లాసులో లేనప్పుడు కూడా పిల్లలు పని ఆపకుండా చేస్తుంటే అది ఏ రకం నాయకత్వం? నిరంకుశం, ప్రజాస్వామికం, జోక్యరహితం, పైవేవీ కావు. రెండోది టిక్కు పెట్టి ముందుకెళ్లిపోతాం. నేనూ అలాగే వెళ్లిపోయా. ఒక్క మార్కు వచ్చింది. ఆ బిట్టు నా గురించేనని తెలియడానికి ఇంకో ఏడాది పట్టింది.

ఆ బిట్టు వెనక ఒక ప్రయోగం ఉంది. కర్ట్ లెవిన్ అని ఒక యూదు సైకాలజిస్టు. హిట్లర్ వచ్చాక 1933లో జర్మనీ వదిలేసి అమెరికా వెళ్లిపోయాడు. ఒక్క మనిషి మాట మీద ఒక దేశమంతా ఎలా నడిచిందో చూసి వచ్చినవాడు కాబట్టి ఆయన అడిగిన ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. అయోవాలో పదేళ్ల మగపిల్లల్ని చిన్న చిన్న గుంపులు చేసి, మాస్కులు తయారు చేయడం లాంటి పనులిచ్చారు. లెవిన్‌తో పాటు లిపిట్, వైట్ అనే ఇద్దరు కూడా ఆ పనిలో ఉన్నారు. 1939లో అచ్చయింది. ఒక గుంపు పెద్ద అన్నీ తనే చెప్తాడు, ఏది ఎందుకో చెప్పడు. ఇంకో గుంపు పెద్ద పిల్లలతో కలిసి నిర్ణయిస్తాడు. మూడో ఆయన ఏమీ పట్టించుకోడు.

పెద్ద ఎదురుగా ఉన్నంతసేపూ నిరంకుశ గుంపులో పని బాగానే సాగింది. ఇంకో రకం గుంపుల కంటే ఎక్కువే సాగింది అనుకోండి. కానీ పెద్ద గదిలోంచి బయటికెళ్లగానే చేతులు ఆగిపోయాయి. కలిసి నిర్ణయించుకున్న గుంపులో పెద్ద వెళ్లినా పని సాగుతూనే ఉంది. కోచింగ్ నోట్సులో రాయని ఇంకో సంగతి ఉంది. నిరంకుశ గుంపులో పిల్లలు పెద్దని ఏమీ అనలేక, తమలోనే ఒక పిల్లాణ్ణి పట్టుకుని వేధించారు. పైవాడి మీద కోపం పక్కవాడి మీద తీర్చుకున్నారన్నమాట. ఇది చదివినప్పుడు మన కాలనీల్లో గొడవలు ఎన్ని గుర్తొచ్చాయో చెప్పలేను.

అమెరికా తెల్లపిల్లల మాస్కులతో మనకేం పని అంటారా? నాదీ మొదట అదే మాట. ఇక నా సంగతి వినండి.

మాది రాజోలు వైపు ఏటిగట్టు పక్క ఎరుకల కాలనీ. ముప్పై చిల్లర ఇళ్లు. బుట్టలల్లేవాళ్లు కొందరు, పందులు మేపేవాళ్లు కొందరు, కొబ్బరి ఒలుపుకి వెళ్లేవాళ్లు ఎక్కువమంది. మా కాలనీలో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. దాంతో ఏ కాగితమైనా నా దగ్గరికే వచ్చేది. రేషన్ కార్డు, పెన్షన్, కరెంటు బిల్లు, స్టేషన్ నుంచి పిలుపు. నాకు అది బాగుండేది. అబద్ధం ఎందుకు చెప్పాలి, చాలా బాగుండేది. ‘తమ్ముడు చూసుకుంటాడులే’ అన్న మాట వింటే ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

2023 జూన్‌లో కుల ధృవీకరణ కోసం పద్నాలుగు కుటుంబాల కాగితాలు సేకరించా. అసలువి నా బ్యాగులో, ఫొటోలు నా ఫోన్లో. ఎవరిది ఎక్కడిదాకా వచ్చిందో నా తలకాయలో. సరిగ్గా అప్పుడే పచ్చకామెర్లు వచ్చాయి. మా అమ్మ నన్ను పసరు మందుకి మేనమామ ఊరు తీసుకెళ్లిపోయింది. ఇరవై రెండు రోజులు మంచం మీదే. ఆ ఇరవై రెండు రోజుల్లో మా కాలనీ నుంచి ఒక్కరూ ఆఫీసు గుమ్మం ఎక్కలేదు. నాకు ఫోన్ కూడా చేయలేదు. ఎందుకు చేస్తారు? తమ్ముడు చూసుకుంటాడుగా.

గడువు దాటిపోయింది. సర్టిఫికెట్ లేక ఇద్దరు ఆడపిల్లలకి సీట్లు పోయాయి. ఒకమ్మాయి మరుసటి ఏడు చేరింది. రెండో అమ్మాయి టెన్త్ పాసై ఇంటర్‌కి వెళ్లాల్సింది, రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్లింది. ఇంకా అక్కడే ఉంది. రోడ్డు మీద కనిపిస్తే నవ్వుతుంది. ఆ నవ్వు చూసి నేను తల తిప్పేసుకుంటా.

ఆఫీసువాళ్లని తిట్టడానికి కారణాలు బోలెడు. కానీ ఇది వాళ్ల తప్పు కాదు, నాది. నేను పనిచేయలేదని కాదు, నేను ఒక్కణ్ణే చేశా.

ఇక్కడ మన చరిత్ర కూడా ఒక మాట చెప్పనివ్వండి. నేరస్థ తెగల చట్టం 1871లో పుట్టింది, 1911 చట్టంతో మన మద్రాసు రాజ్యానికీ వచ్చింది. బాపట్ల దగ్గర స్టువర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు అలా వచ్చినవే. మా ఎరుకల తాతలు పొద్దున, రాత్రి హాజరు పలకాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. 1952 ఆగస్టు 31న ఆ ముద్ర చట్టం నుంచి పోయింది. మనసులోంచి పోయిందా? లెవిన్ తన ప్రయోగం కొన్ని వారాలు చేశాడు. మా మీద అది రెండు మూడు తరాలు నడిచింది. పెద్దమనిషంటే పైనుంచి చెప్పేవాడు, మనం హాజరు పలికేవాళ్లం అన్నది అలవాటైపోయింది. నేను బ్యాగు తగిలించుకుని కాలనీలోకి వస్తుంటే ముసలాళ్లు లేచి నిలబడేవాళ్లు. అది నాకు గౌరవంలా కనబడింది. ఇప్పుడు ఆలోచిస్తే భయమేస్తోంది.

మనవాళ్లలో చాలామంది అనే మాట ఒకటుంది. ‘మనకి మళ్లీ ఒక అల్లూరి పుట్టాలి అన్నా.’ మీటింగుల్లో, రీల్స్‌లో, ఆటో వెనక అద్దాల మీద. నాకు అల్లూరి మీద గౌరవం తక్కువేం కాదు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు పోలీసు స్టేషన్లు, తుపాకులు తీసుకెళ్లారు. అంత ధైర్యం ఎవరికుంటుంది?

కానీ ఒక్కసారి ఆగి చూడండి. ఆయన రాకముందే ఆ కొండల్లో నిప్పు రాజుకుని ఉంది. 1882 అటవీ చట్టం పోడుని తొక్కేసింది. గూడెంలో బాస్టియన్ అనే డిప్యూటీ తహసీల్దారు రోడ్డు పనికి జనాన్ని కూలి ఇవ్వకుండా లాగుతుంటే గాం గంటందొర, గాం మల్లుదొర అప్పటికే ఆయనతో తలపడుతున్నారు. ఇంకా వెనక్కి పోతే 1879. కల్లు మీద చిగురు పన్ను, మన్సబుదారు జులుం, దాని మీద రంపలో తిరుగుబాటు. అందులో తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్ రెడ్డి లాంటివాళ్లు ఎంతమందో. ఒకరు పడిపోతే ఇంకొకరు లేచారు. వీళ్లలో ఎంతమంది పేర్లు మీకు తెలుసు? నాకు డిగ్రీ అయ్యేదాకా ఒక్కటీ తెలీదు.

దీనికి కూడా సైకాలజీలో ఒక పేరుంది. 1985లో మైండెల్, ఆయన తోటివాళ్లు రాశారు. ఏదైనా గెలిచినా ఓడినా, దాని వెనక వంద కారణాలున్నా, మనం మొత్తం ఒక్క మనిషి ఖాతాలో రాసేస్తామట. వాళ్లు దాన్ని నాయకత్వం మీద మోజు అన్నారు. వంద కారణాలు గుర్తుపెట్టుకోవడం కష్టం, ఒక ముఖం గుర్తుపెట్టుకోవడం తేలిక. సినిమాకి కూడా ఒక హీరోయే కావాలి కదండీ. 1974లో కృష్ణ గారి సినిమా వచ్చింది, మన తాతలు పంటు ఎక్కి గోదారి దాటి మరీ చూసొచ్చారు. దాంట్లో తప్పు లేదు. కానీ గంటందొర ‘అల్లూరి అనుచరుడు’గా మిగిలిపోయాడు. మల్లుదొర పట్టుబడి శిక్ష అనుభవించి వచ్చి, 1952 తొలి ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచారు. కొండల్లో తుపాకీ పట్టి, జైలు చూసి, పార్లమెంటులో కూర్చున్న మనిషి. ఆయన మీద ఎన్ని రీల్స్ చూశారు?

1924 మే 7న అల్లూరిని చంపేశారు. తర్వాత కొద్ది వారాలకే గంటందొర కూడా పోయారు. ఉద్యమం అక్కడితో అణగారిపోయింది. మలబార్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ దిగాక ఎవరున్నా నిలిచేవాళ్లా అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. అంత బలగం ముందు ఓడిపోవడం నాయకుడి లోపమని నేననను. నేను అడిగేది మన గురించి. వందేళ్ల తర్వాత కూడా ఇంకొకరు రావాలని ఎదురుచూడటం మన ధైర్యమా, లేక హాజరు పలికే అలవాటా?

అల్లూరి దగ్గర నేర్చుకోవాల్సింది వేరే ఉంది. ఆయన ఆదివాసీ కాదు, బయటి నుంచి వచ్చినవాడు. కోయలు, కొండదొరలు, భగతలు ఆయన వెనక ఎందుకు నడిచారు? 2011లో హాస్లమ్, రైకర్, ప్లాటో అని ముగ్గురు ఒక పుస్తకం రాశారు. వాళ్ల లెక్క ప్రకారం నాయకుడి బలం ఆయన ఒంట్లో ఉండే ఏదో గుణం కాదు. జనం ఆయన్ని ‘మనోడు’ అనుకోవాలి, మనకోసమే చేస్తున్నాడని నమ్మాలి, ‘మనం’ అంటే ఎవరో ఆయన మాటల్లో వాళ్లకి కొత్తగా కనబడాలి. అల్లూరి వాళ్ల మధ్య బతికాడు, తాగుడు మానమన్నాడు, కోర్టులకి పోకుండా పంచాయితీల్లో తేల్చుకోమన్నాడు. తర్వాతే తుపాకీ. మనలో చదువుకున్న కుర్రాళ్లకి దీనికి తిరగేసిన సమస్య. మనం పుట్టుకతో ‘మనోళ్లమే’. కానీ డిగ్రీ, ఇస్త్రీ చొక్కా, ఆఫీసు భాష వచ్చాక మెల్లగా వాళ్లలో ఒకరిమైపోతాం. నేను మా బాబాయిలతో మాట్లాడేటప్పుడు మా ఎరుకల మాట వదిలేసి తెలుగులో, అదీ పేపరు తెలుగులో మాట్లాడటం ఎప్పుడు మొదలెట్టానో నాకే తెలీదు. మా పిన్ని ఒకసారి నవ్వుతూ, ‘ఏరా, కలెక్టరు గారితో మాట్లాడుతున్నావా?’ అంది.

ఇక నాయకుడంటే ఎలా ఉండాలన్న బొమ్మ సంగతి. మన తలల్లో ముందే ఒక బొమ్మ ఉంటుంది, ఆ బొమ్మకి సరిపోయినవాణ్ణే నాయకుడంటాం. కోనసీమలో ఆ బొమ్మ ఏంటో మీకు తెలుసు. తెల్లచొక్కా, కొబ్బరితోట, పెద్ద ఇల్లు, వెనక నలుగురు. ఆ బొమ్మని కొంచెమైనా చెరిపినవారు జి.ఎం.సి. బాలయోగి గారు. ఎదుర్లంక నుంచి వచ్చిన దళిత బిడ్డ, 1987లో జిల్లా పరిషత్ చైర్మన్, 1991లో అమలాపురం ఎంపీ, 1998లో లోక్‌సభ స్పీకర్. 2002లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఎదుర్లంక నుంచి యానాం వెళ్లే వంతెనకి ఆయన పేరే. ఒక పేటలోంచి అలాంటి మనిషి వస్తే, ఆ పేట పిల్లల తలల్లో బొమ్మ మారుతుంది. మనకి ఆ దారి కూడా ఇరుకే. కోనసీమలో అమలాపురం, రాజోలు, పి.గన్నవరం ఎస్సీ స్థానాలు. ఎస్టీ స్థానం ఒక్కటీ లేదు. మనది షెడ్యూల్డ్ ఏరియా కాదు, పీసా గ్రామసభ లేదు. నాలుగిళ్లు ఇక్కడ, పదిళ్లు అక్కడ. ఏజెన్సీ నుంచి వచ్చిన మిత్రులే ఒక్కోసారి ‘మీరూ ఆదివాసీలేనా?’ అని అడుగుతారు. కోపం రాదు గానీ, రాత్రి నిద్ర పట్టదు.

అంటే ఓట్ల లెక్కతో మనకి నాయకుడు దొరకడు. మన సంఖ్యకి ఎవరూ భయపడరు. అందుకే ఒక్కడి మీద బరువు పెట్టడం మనకి ఇంకా ప్రమాదం. ఆ ఒక్కణ్ణి కొనేయొచ్చు, బెదిరించొచ్చు, ఓ పార్టీ కండువా కప్పొచ్చు. లేదా పచ్చకామెర్లు రావొచ్చు.

‘అయితే నాయకుడే వద్దంటావా?’ అని ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. వద్దనను. 2022 జులై వరద గుర్తుందా? ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. మా కాలనీలోకి నీళ్లు అర్ధరాత్రి వచ్చాయి. అప్పుడు చర్చలు పెట్టుకుంటామా? మా పిన్ని గట్టు మీద నిలబడి అరిచింది. ముందు పిల్లలు, బాలింతలు, తర్వాత ముసలాళ్లు, పందుల సంగతి చివర్లో. ఎవరూ ఎదురు చెప్పలేదు. పిన్నికి సంతకం పెట్టడం రాదు. కానీ ముప్పై ఏళ్లు బుట్టలు నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగిన మనిషి. ఏ ఊళ్లో ఎవరింట్లో చోటు దొరుకుతుందో, ఎవరు పడవ ఇస్తారో ఆవిడకి తెలుసు. నాకు తెలీదు. ఫీడ్లర్ అనే ఆయన 1960ల్లో చెప్పింది ఇదే. ఒకే తీరు నాయకత్వం అన్ని వేళలా పనిచేయదు, పరిస్థితిని బట్టి ఉంటుంది. వరద తీశాక నష్టం జాబితా రాసేటప్పుడు మాత్రం ఒక్కరి అరుపు పనికిరాదు. ఆ జాబితా నేనొక్కణ్ణే కూర్చుని రాశా. గట్టు కింద పాకలో ఉండే ఒంటరి ముసలమ్మ పేరు మర్చిపోయా. పిన్నిని అడిగుంటే మర్చిపోయేవాణ్ణి కాదు.

చూడండి, అంత వరదలో అందర్నీ నడిపించిన మనిషిని మా కాలనీలో ఎవరూ నాయకురాలు అనలేదు. నేను కూడా అనలేదు. నా తలలో ఉన్న బొమ్మకి చీర లేదు, బుట్ట లేదు.

ఇంకో మాట. పుస్తకాల్లో ‘ప్రభావశీల నాయకుడు’ అంటారు. జనాన్ని కదిలించడమే ప్రభావం అయితే, 2022 మే 24న అమలాపురంలో కుర్రాళ్లని రోడ్డెక్కించినవాళ్లు కూడా ప్రభావశీలురే. జిల్లాకి అంబేద్కర్ పేరు వద్దని ఇళ్లు తగలబెట్టారు. ఇంటర్నెట్ ఆగిపోయింది. కేసులు పడింది కుర్రాళ్ల మీద. వెనక ఉండి మెసేజులు తిప్పినవాళ్లలో ఎంతమంది కోర్టు మెట్లెక్కారు? కాబట్టి ఎంతమంది కదిలారన్నది ఒక్కటే అడగొద్దు. కదిలాక వాళ్లు ఏమయ్యారో కూడా అడగండి.

మన పొరుగునే, ఒడిశాలో, నియమగిరి ఉంది. వేదాంత కంపెనీకి బాక్సైట్ కావాలి. డోంగ్రియా కోందులకి ఆ కొండ దేవుడు. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు గ్రామసభల్నే తేల్చమంది. ఆ జులై, ఆగస్టుల్లో పన్నెండు ఊళ్లలో సభలు పెట్టారు. జడ్జి ముందు, పోలీసుల మధ్య, ఒక్కొక్కరూ లేచి తమ భాషలో చెప్పారు. పన్నెండుకి పన్నెండూ వద్దన్నాయి. అక్కడ నాయకులు లేరా అంటే ఉన్నారు, దెబ్బలు తిన్నవాళ్లు, కేసులు మోసినవాళ్లు. కానీ సభ రోజున వాళ్లొక్కళ్లే మాట్లాడి ఉంటే చాలేది కాదు. ప్రతి ఊళ్లో ముసలమ్మలు కూడా లేచి ఎందుకు వద్దో చెప్పగలిగారు. అది ఒక్క రోజులో వచ్చేది కాదు. ఏళ్ల తరబడి ఎవరో ఓపిగ్గా ఆ మాటని ఇంటింటా నాటి ఉండాలి. ఆ నాటినవాళ్లనే నేను నాయకులంటా.

మీలో చాలామంది మీ మీ గూడేల్లో, కాలనీల్లో ఇప్పటికే అందరి కాగితాలూ చూసే ‘తమ్ముడు’, ‘చెల్లి’ అయి ఉంటారు. మీ ఫోన్ ఒక వారం స్విచాఫ్ అయితే ఏ పని ఆగుతుంది? ఇది ఊరికే అడగడం కాదు, కూర్చుని రాయండి. వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ మీరొక్కరేనా? కరపత్రం రాసేది మీరే, మాట్లాడేది మీరే, ఫొటోలో మధ్యలో నిలబడేది మీరేనా? నావన్నీ అవును అని వచ్చాయి.

నేను చేసింది పెద్దదేం కాదు. ఒక లాంగ్ నోట్‌బుక్కు కొన్నా. ఎవరి కాగితం ఎక్కడిదాకా వచ్చిందో అందులో ఉంటుంది. అది పిన్ని ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంటుంది. ఇంటర్ చదివే ఇద్దరు పిల్లలు రాస్తారు, ఆదివారం చదివి వినిపిస్తారు. ఆఫీసుకి ప్రతిసారీ వేరే ఇద్దరు వెళ్తారు. మొదట్లో రెండుసార్లు ఉత్తచేతుల్తో తిరిగొచ్చారు. నేను వెళ్లుంటే అరగంటలో అయిపోయేది. నోరు మూసుకుని కూర్చోవడం నా జీవితంలో అంత కష్టం ఎప్పుడూ అనిపించలేదు. మూడోసారి పని చేసుకొచ్చారు. ఒకావిడ రసీదు నా మొహం ముందు ఆడించి మరీ చూపించింది.

పోయిన నెల నేను రంపచోడవరం మీటింగుకి వెళ్లా. ఇక్కడ ఆదివారం సభ నేను లేకుండానే జరిగింది. మిగిలిన సర్టిఫికెట్ల కోసం అమలాపురంలో ధర్నా చేద్దామని నేను ముందే అనుకుని ఉన్నా. బ్యానర్‌కి డబ్బులు కూడా ఇచ్చేశా. తిరిగొచ్చేసరికి వాళ్లు వేరేలా తేల్చుకున్నారు. ధర్నా తర్వాత, ముందు శ్మశానం సంగతి చూడాలన్నారు. మనిషి పోతే ఎవరి పొలం గట్టు మీంచి తీసుకెళ్లాలో ప్రతిసారీ బతిమాలుకోవాలి, వానాకాలం వచ్చేస్తోంది, మంచం మీద ఇద్దరు ముసలాళ్లున్నారు. నోట్‌బుక్కులో తీర్మానం ఉంది. కింద పంతొమ్మిది సంతకాలు, పదకొండు వేలిముద్రలు.

నాకిది తప్పనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది. సర్టిఫికెట్లే ముందు తేలాలని గంటసేపు వాదించా. పిన్ని అంతా విని, ‘అయిందా?’ అంది. పెన్ను ఇచ్చింది. ముప్పై ఒకటోది నా సంతకం.